రాట్లిఫ్ డాక్టరు కొత్త చిరునామా

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. స్లేట్ ఫోర్క్ కొండల్లో ఆ పూజారి పేరు ప్లాను. ఆ ఇన్సూరెన్సు కంపెనీకి కాగితాల మీద బారెడు పేరుంది గానీ, వర్జీనియా బొగ్గు గనుల్లో నడుం విరగ్గొట్టుకున్నవాళ్ళకు అంత ఓపికెక్కడిది? ప్లాను అంటారు, అంతే. అదీ మూతి విరిచి మరీ అంటారు. డాక్టరు ఆపరేషను చెయ్యాలంటాడు, పెద్దాసుపత్రివాళ్ళు రమ్మంటారు, రోగి కూడా ఎలాగో గుండె చిక్కబట్టుకుంటాడు. అప్పుడు ప్లాను నింపాదిగా ఆవులించి, "ఇంతకీ మిమ్మల్ని ఎవరు పంపారు?" అని అడుగుతుంది.

ఆ పూజారితో రోజూ పోట్లాడి జీతం తెచ్చుకునే మనిషి నెడ్రా మల్లిన్స్. ఊళ్ళో ఉన్న ఒకే ఒక క్లినిక్‌లో బిల్లులు పంపడం ఆమె పని. డాక్టరు ఎవరికి ఏం చేశాడో దాన్ని అంకెల్లోకి మార్చి, కంప్యూటరులో ప్లానుకు పంపాలి. ఒక్క గడి ఖాళీగా ఉంటే చాలు, అవతల మనిషన్నవాడు చూడకుండానే యంత్రం దాన్ని వెనక్కి విసిరికొడుతుంది. నెడ్రా దాన్ని తిట్టి, సరిదిద్ది, మళ్ళీ పంపుతుంది. జుట్టు నెరిసేదాకా చేసింది ఇదే.

ఆ జూన్ సోమవారం పొద్దున్న కాఫీ కప్పుతో కూర్చుని, వారాంతంలో తిరిగొచ్చినవేమిటో చూసింది. అన్నిటికన్నా పైన హోబర్ట్ స్టిల్ట్నర్ పేరుంది. గుండె కవాటం మార్పిడికి అనుమతి నిరాకరించడమైనది. కారణం: పంపిన డాక్టరు ఈ సభ్యుడి డాక్టరు కాదు.

"నీ మొహం మండా," అంది నెడ్రా కంప్యూటరుతో.

ప్లానులో ప్రతి మనిషికీ ఒక డాక్టరు ఉంటాడు. అతని పేరు కార్డు మీద అచ్చేస్తారు. ఆయన చెబితేనే పెద్దాసుపత్రి తలుపు తెరుచుకుంటుంది. ఇంకొకరు చెబితే, సాక్షాత్తూ ఆ దేవుడే దిగొచ్చి చెప్పినా చెల్లదు. హోబర్ట్ కార్డు మీదున్న పేరు ఆల్డెన్ రాట్లిఫ్. ఆ రాట్లిఫ్ డాక్టరు ఫిబ్రవరి మంచులో, ఒక బాలింతను చూసి ఇంటికొచ్చి, బూట్లు విప్పుకుంటూ కుర్చీలోనే పోయారు.

ఆయన తర్వాత బాల్టిమోర్ నుంచి కెస్లర్ అనే అమ్మాయి వచ్చింది. చిన్నదే అయినా చెయ్యి మంచిది, చెవి ఇంకా మంచిది. హోబర్ట్ గుండె మీద గొట్టం పెట్టి విని, ఆ రోజే పెద్దాసుపత్రికి ఫోన్ చేసింది. వాళ్ళు ఈ గురువారానికి రమ్మన్నారు. అది తప్పితే మళ్ళీ ఆకులు రాలే కాలానికి గానీ ఖాళీ లేదు.

ఇప్పుడు ఆ అమ్మాయి నెడ్రా కూర్చునే బిల్లుల కిటికీ దగ్గరికొచ్చి నిలబడింది. "నెడ్రా గారూ, హోబర్ట్ గారిది ఏమైంది?"

"వెనక్కొచ్చిందమ్మా. ఆయన కార్డు మీద డాక్టరు పేరు ఇంకా మార్చుకోలేదు."

"గురువారం తప్పితే..." కెస్లర్ గొంతు తగ్గించింది. "ఆకులు రాలేదాకా ఆయన ఉంటారని నేను చెప్పలేను. మీ దగ్గర దాచడం ఎందుకు?"

"ఈ రోజే ఫోన్ చేయిస్తా. మీరు పేషెంట్లను చూసుకోండి," అంది నెడ్రా.

మిగతావాళ్ళందరి చేతా నెడ్రాయే వెంటపడి ఫోన్లు చేయించి పేర్లు మార్పించింది. హోబర్ట్ ఒక్కడే కొరకరాని కొయ్య. "చూద్దాంలే, పిల్లా" అంటాడు, టోపీ సర్దుకుంటాడు, పోతాడు.

నిజానికి ఇంకో దారి ఉంది. డాక్టరు పోయాడని క్లినిక్ తరఫున ప్లానుకు ఒక నివేదిక పంపాలి. అది పంపితే ఆయన పేరు మీదున్నవాళ్ళను వెంటనే మార్చవచ్చు. ఆ నివేదిక పంపాల్సింది నెడ్రాయే. ఫిబ్రవరి నుంచి పంపలేదు. మొదట్లో దానికి కారణం ఉంది. కెస్లర్‌ను ప్లాను తన జాబితాలో చేర్చుకోవడానికి మే నెల దాకా నాన్చింది. ఈలోగా రాట్లిఫ్ పేరు తీసేస్తే, స్లేట్ ఫోర్క్ ముసలీముతకా అందరినీ యంత్రం కొండకు అవతల ఎవరో ముక్కూమొహం తెలియని డాక్టర్లకు పంచిపెట్టేది. ఆ నెలల బిల్లులన్నీ ఆపి, తిట్లు తిని, నెడ్రా జనాన్ని కాపాడుకుంది. బాగానే ఉంది. మరి మే నెల తర్వాతో? ప్రతి సోమవారం రేపు పంపుదాంలే అనుకునేది. పొద్దున్నే కంప్యూటరు తెరవగానే డాక్టర్ల పేర్లలో మొదట కనిపించేది ఆయన పేరే. అది లేకుండా రోజు ఎలా మొదలుపెట్టాలో ఆమెకు తెలియదు. ఎవరైనా తెలియక ఫోన్ చేసి అడిగినా, "డాక్టరుగారు ఇవాళ రాలేదండీ, డాక్టర్ కెస్లర్ చూస్తారు" అనేది. ఆ అబద్ధం నాలుక చివరి నుంచి దానంతట అదే జారిపోయేది.

హోబర్ట్‌కు ఫోన్ చేస్తే పదింటికల్లా పాత ట్రక్కు వేసుకుని వచ్చాడు. సంచీ నిండా ఉల్లికాడలు, లేత లెట్యూస్ ఆకులు తెచ్చాడు. తలుపు నుంచి కిటికీ దాకా నడవడానికే రెండు చోట్ల ఆగాడు.

"పంది కొవ్వు సలసలా కాగనిచ్చి పైన పొయ్యి. పచ్చిగా తిని మేకవైపోకు," అన్నాడు ఆయాసపడుతూ.

"నాకు వంట నేర్పుతావా బాబాయ్? ముందు కూర్చో. ఫోన్ చేద్దాం."

"ఎవరికి?"

"ప్లానుకి. డాక్టరు పేరు మార్చమని నీ నోటితో చెప్పాలి. నేను చెబితే ఒప్పుకోరు. నీ గొంతే కావాలట వాళ్ళకి."

"నా గొంతు అంత బాగుంటుందని మా ఆవిడ కూడా అనలేదే!"

నెడ్రాకు నవ్వు రాలేదు. తన గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. హోబర్ట్ చొక్కా జేబులోంచి కార్డు తీశాడు. అంచులు చిరిగి, చెమటకు పసుపెక్కిపోయిన కార్డు. దాన్ని బల్ల మీద పెట్టలేదు, చేతిలోనే పట్టుకున్నాడు.

ఫోన్లో పియానో మొదలైంది. అదే నాలుగు ముక్కలు తిప్పి తిప్పి వాయిస్తోంది.

"పాపం ఆ వాయించేవాడికి ఎవరైనా ఇంత మొక్కజొన్న రొట్టె పెట్టండమ్మా," అన్నాడు హోబర్ట్. "పొద్దుట్నుంచీ వాయిస్తున్నట్టున్నాడు." తర్వాత తన కుక్క కథ ఎత్తుకున్నాడు. ఎలుగుబంటి వెంటపడి, అది చెట్టెక్కితే, కింద నిద్రపోయిన కుక్క కథ. నెడ్రా ఎన్నిసార్లు విందో లెక్కలేదు.

రాట్లిఫ్ డాక్టరు కూడా విన్నారు. ఏ పనికి ఎంత ఇస్తుందో చెప్పే రేట్ల పట్టికొకటి ప్లాను ఏటా పంపేది. గొంతు చూస్తే ఇంత, కుట్లు వేస్తే ఇంత. డాక్టరు కిటికీ దగ్గరికొచ్చి, "నెడ్రా, హోబర్ట్ కుక్క కథ విన్నాను. మొత్తం. పట్టికలో రేటెంతుందో చూడు," అనేవారు. "పట్టికలో లేదండీ." "అయితే పుణ్యం ఖాతాలో రాయి." ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. వెర్రి మాటే, అయినా రోజూ నవ్వొచ్చేది.

పియానో ఆగింది. "నమస్కారం, నా పేరు బ్రియెల్. ఈ సంభాషణ రికార్డవుతోంది. నేనేం సాయం చెయ్యగలను?" అంది ఒక లేత గొంతు.

హోబర్ట్ తన పేరు, పుట్టిన తేదీ చెప్పాడు. నెడ్రా పక్కన ఉందని, ఆమె వినవచ్చని ఒప్పుకున్నాడు. డాక్టరు పేరు మార్చాలన్నాడు. ఆ ముక్క అనేటప్పుడు కార్డును బోర్లా తిప్పాడు.

"తప్పకుండా స్టిల్ట్నర్ గారూ. డాక్టర్ రాట్లిఫ్ నుంచి డాక్టర్ కెస్లర్‌కి. ఒకటో తారీకు నుంచి అమల్లోకొస్తుంది."

"ఒకటో తారీకా?" నెడ్రా ఫోన్ మీదికి వంగింది. "ఆయనకు గురువారం గుండె ఆపరేషనమ్మా! అంతవరకు ఎలా?"

"అయ్యో. ఒక్క నిమిషం చూస్తాను." టకటకా మీటల చప్పుడు. "వెంటనే అమల్లోకి రావాలంటే మా కంప్యూటరు ఒక్కటే కారణం తీసుకుంటుందండీ. తన డాక్టరు వైద్యం బాగాలేదని సభ్యుడు ఫిర్యాదు చెయ్యాలి. స్టిల్ట్నర్ గారు ఆ మాట అంటే చాలు, ఇప్పుడే మార్చేస్తా."

నెడ్రాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "అంతేనా? అనెయ్ బాబాయ్."

హోబర్ట్ కార్డును మళ్ళీ వెల్లకిలా తిప్పాడు.

"స్టిల్ట్నర్ గారూ? 'డాక్టర్ రాట్లిఫ్ వైద్యం నాకు తృప్తిగా లేదు.' ఆ ఒక్క వాక్యమే."

"అనను," అన్నాడు హోబర్ట్.

"బాబాయ్!"

"అనను గాక అనను. నోరు పడిపోదూ?"

నెడ్రా ఫోన్‌ను అరచేత్తో మూసింది. "నీకేమైనా పిచ్చా? ఇది ఉత్త మాట. ఆ పిల్ల ఒక గడి నింపుతుంది, అంతే. ఎవడూ వినడు, ఎవడూ చదవడు!"

"రికార్డవుతోంది అందిగా."

"అయితే ఏంటి? ఆయన వింటాడా?"

"నేను వింటా," అన్నాడు హోబర్ట్.

హోబర్ట్ ఎందుకలా అన్నాడో ఆ లోయలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గని మూతపడేముందు హోబర్ట్ ఊపిరితిత్తుల నిండా బొగ్గు పేరుకుపోయింది. కంపెనీ తెచ్చిన డాక్టర్లు ముగ్గురూ, ఇది బొగ్గు కాదు, సిగరెట్లు అన్నారు. జన్మలో సిగరెట్టు ముట్టని మనిషిని పట్టుకుని! రాట్లిఫ్ డాక్టరు ఎక్స్‌రే చంకన పెట్టుకుని జడ్జి ముందుకెళ్ళి, పొద్దస్తమానం నిలబడి వాదించి, పింఛను ఇప్పించారు. ఆ పింఛనుతోనే హోబర్ట్ భార్య చివరి రోజుల్లో కడుపునిండా తిని, వెచ్చగా పడుకుని పోయింది. జడ్జి తీర్పు వచ్చిన వారమే డాక్టరుగారి కారు టైర్లు ఎవరో కోసేశారు. ఆయన క్లినిక్‌కు నడిచి వచ్చారు, బూట్లకంటిన బురద నెడ్రా గదంతా చేశారు, ఆమె తిట్టింది.

"బాబాయ్, నీ కాళ్ళు పట్టుకుంటా. బతికుంటే కదా విశ్వాసమైనా, ఇంకోటైనా!"

హోబర్ట్ ఆమె చెయ్యి మెల్లగా పక్కకు తీసి, ఫోన్‌కు దగ్గరగా వంగాడు. "చూడు తల్లీ. ఆయన వైద్యానికి వంక పెట్టేవాడింకా పుట్టలేదు. ఆయన నన్ను చూడకపోవడానికి కారణం ఒక్కటే. ఆయన చచ్చిపోయాడు. శవపేటిక ఒక కొస నేనే మోశాను. అది రాసుకో."

అవతల మీటల చప్పుడు ఆగింది, మళ్ళీ మొదలైంది, మళ్ళీ ఆగింది.

"చాలా విచారకరం స్టిల్ట్నర్ గారూ. కానీ... మా దగ్గర డాక్టర్ రాట్లిఫ్ పనిచేస్తున్నట్టే ఉందండీ. సభ్యులు చెబితే అది మార్చే వీల్లేదు. క్లినిక్ వాళ్ళు నివేదిక పంపాలి. వాళ్ళింకా పంపలేదు."

హోబర్ట్ తల తిప్పి నెడ్రా వైపు చూశాడు.

"మళ్ళీ ఫోన్ చేస్తాం," అని నెడ్రా పెట్టేసింది.

"నువ్వు చెప్పలేదా?" అన్నాడు హోబర్ట్. గొంతులో కోపం లేదు. అదే ఆమెను కోసేసింది.

"చెబుదామనే అనుకున్నా. మే దాకా... ఆ కెస్లరమ్మ నెంబరు రాలేదు... తర్వాత..." అబద్ధం దొరక్క ఆగిపోయింది.

హోబర్ట్ టోపీ తీసుకుని లేచాడు. గోడ పట్టుకుని నడిచాడు. తలుపు అవతల కెస్లర్ ఒక ఫైలు పట్టుకుని నిలబడి ఉంది. అంతా వినే ఉంటుంది, ఆ గోడలు అట్టముక్కలు. హోబర్ట్‌కు చెయ్యందించి ట్రక్కు దాకా తీసుకెళ్ళి వచ్చి, నెడ్రా బల్ల మీద ఒక గ్లాసు నీళ్ళు పెట్టి పోయింది. రాట్లిఫ్ డాక్టరైతే ఇదే చేసేవారు, అనుకుంది నెడ్రా. దాంతో కళ్ళు ఇంకా మండాయి.

ట్రక్కు కదల్లేదు. కిటికీలోంచి చూస్తే హోబర్ట్ స్టీరింగు మీద చేతులేసుకుని అలాగే కూర్చున్నాడు. నెడ్రా నీళ్ళు తాగకుండానే బయటికొచ్చి, అవతలి తలుపు తీసి ఎక్కి కూర్చుంది. సీటు నిండా కుక్క వెంట్రుకలు.

"నన్ను తిట్టు బాబాయ్. నాలుగు తిట్లు తిట్టు, నాకు కాస్త తెరిపిగా ఉంటుంది. నీ ప్రాణం మీదికి తెచ్చాను."

"తిట్టడానికి ఊపిరెక్కడుంది, పిల్లా?"

నెడ్రా ముందు అద్దంలోంచి క్లినిక్ వైపు చూసింది. తలుపు మీద రాట్లిఫ్ పేరు గీకేసిన చోట ఇంకా మరక కనబడుతోంది.

"పొద్దున్నే కంప్యూటర్లో ఆయన పేరు పైన ఉంటుంది," అంది నెడ్రా. "రాట్లిఫ్, ఆల్డెన్. పక్కన పచ్చచుక్క. పనిచేస్తున్నట్టు గుర్తు. దాన్ని చూసి కాఫీ తాగుతా. అంతే. ఇంకే కారణమూ లేదు. సిగ్గు లేకుండా చెబుతున్నా."

హోబర్ట్ జేబులోంచి కార్డు తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. "కొత్త డాక్టరమ్మ పేరుతో ఇంకో కార్డు ఇస్తారు కదా. అప్పుడు ఈ పాతది పారెయ్యాలి. అందుకే ఫోన్ చెయ్యలేదు నేను. మన ఇద్దరిలో ఎవరికి ఎవరు చెప్పొచ్చారు!"

నెడ్రా ఏడ్చేసింది. ముక్కు చీదుకుంటూ, వెక్కుతూ, ఫిబ్రవరిలో అంత్యక్రియలకొచ్చినవాళ్ళకు కాఫీలు పోస్తూ తిరిగిన మనిషి, అప్పుడు ఏడవనిదంతా కుక్క వెంట్రుకల మధ్య కూర్చుని ఏడ్చింది. హోబర్ట్ అద్దం తుడిచే గుడ్డ అందించాడు. అది గ్రీజు కంపు కొడుతోంది. అయినా తుడుచుకుంది.

"పద," అన్నాడు చివరికి. "నీ పని నువ్వు చెయ్యి. పక్కన నేను కూర్చుంటా."

కంప్యూటరులో ఆ నివేదిక తెరిచింది. డాక్టరు పేరు, నెంబరు నింపింది. జాబితా నుంచి తొలగించడానికి కారణం: పదవీ విరమణ, బదిలీ, ఒప్పందం రద్దు, మరణం. అడుగున ఉన్నదాని మీద నెడ్రా వేలు ఆగింది. హోబర్ట్ మోచేత్తో మెల్లగా పొడిచాడు. నొక్కింది. తేదీ వేసింది. ఆయన పేషెంట్లను ఎవరికివ్వాలి? కెస్లర్. ఎప్పట్నుంచి? ఈ రోజు నుంచే. పంపు అన్న మీట నొక్కింది.

పోలేదు. తెర మీద ఎర్రటి గీత వచ్చింది. తప్పనిసరి గడి ఖాళీగా ఉంది: డాక్టరు కొత్త చిరునామా.

"ఇదేం చోద్యం?" అన్నాడు హోబర్ట్. "చచ్చాడని ఇప్పుడేగా చెప్పాం!"

"దానికి బుర్రుంటేగా! ఎవరు పోయినా ఎక్కడికి పోతున్నారని అడుగుతుంది. ఖాళీగా వదిలితే ఒప్పుకోదు." క్లినిక్ చిరునామా వేసింది. పాత చిరునామా చెల్లదంది. గీతలు పెట్టింది. చెల్లదంది. సున్నాలు పెట్టింది. చెల్లదంది. గోటితో పోయేదానికి గొడ్డలి కావాలంటుంది ఆ యంత్రం. "సాయంత్రంలోగా వెళ్ళకపోతే నీ అనుమతి గురువారానికి అందదు బాబాయ్," అంటూ నెడ్రా జుట్టు పీక్కుంది.

హోబర్ట్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "నిజం చెప్పి చూడరాదూ?"

"ఏం నిజం?"

"ఆయన ఉన్న చోటు. ఓల్డ్ చర్చి రోడ్డు, గుట్ట మీది సమాధుల తోట, స్లేట్ ఫోర్క్. పై వరస, వాళ్ళావిడ పక్కన. ఇంకో చిరునామా ఎక్కడుంది ఆయనకి?"

నెడ్రా అతని వైపు చూసింది. తర్వాత అక్షరం పొల్లు పోకుండా అలాగే కొట్టింది. పై వరస, భార్య పక్కన అని కూడా. మీట నొక్కింది.

తెర పచ్చగా మారింది. అందినది, ధన్యవాదాలు.

"చూశావా," అన్నాడు హోబర్ట్. "నిజమే కావాలి దానికి."

జాబితాలో ఆ పేరు మాయమైంది. ఇప్పుడు కెస్లర్ పేరే మొదట ఉంది. నెడ్రా అది చూసి, పొద్దుటి చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగేసి, హోబర్ట్ అనుమతి మళ్ళీ పంపింది. సాయంత్రం క్లినిక్ మూసేలోగా వచ్చేసింది. గురువారం కెస్లరే తన కార్లో హోబర్ట్‌ను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. దానికీ పట్టికలో రేటు లేదు. ఎవరూ చెప్పకుండానే నెడ్రా దాన్ని ఏ ఖాతాలో రాయాలో ఆ ఖాతాలో రాసుకుంది.

ఆకులు ఎర్రబడే వేళకు హోబర్ట్ తలుపు నుంచి కిటికీ దాకా ఎక్కడా ఆగకుండా నడిచొచ్చాడు. సంచీలో ఆపిల్ పళ్ళున్నాయి, చంకలో లావుపాటి పుస్తకముంది. ప్లాను ఏటా సభ్యులందరికీ పంపే డాక్టర్ల జాబితా అది. మామూలుగా దాన్ని పొయ్యి రాజేయడానికి వాడతారు.

"నెడ్రా! ఓ నెడ్రా! ఇటు రా, దీన్ని చదువు. కళ్ళజోడు పెట్టుకుని చదువు."

వేలు పెట్టిన చోట నెడ్రా చదివింది. ఆల్డెన్ రాట్లిఫ్, కుటుంబ వైద్యులు. గుట్ట మీది సమాధుల తోట, ఓల్డ్ చర్చి రోడ్డు, స్లేట్ ఫోర్క్. పై వరస, భార్య పక్కన. దాని కింద చిన్న అక్షరాల్లో ఉంది: కొత్త పేషెంట్లను చేర్చుకుంటున్నారు.

హోబర్ట్ మొహం అప్పటికే ఎర్రగా కందిపోయి ఉంది, నవ్వు ఆపుకోలేక.

"ఖాళీ ఉందంట చూడు! జూన్లో కొంచెంలో తప్పింది గానీ నన్నూ చేర్చుకునేవాడే! నువ్వే కదే అడ్డం పడ్డావు!"

నెడ్రా బల్ల పట్టుకుని నవ్వింది. కెస్లర్ లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి, పుస్తకం చూసి, "అయ్యో దేవుడా" అని తనూ గోడకు ఆనుకుని నవ్వింది. కూర్చున్న పేషెంట్లు పుస్తకం చేతులు మార్చుకున్నారు. "మంచి చోటే, గాలీ వెలుతురూ బాగుంటాయి," అంది ఒకామె. "వెయిటింగ్ గదిలో కూర్చోబెట్టడు కూడా," అన్నాడు ఇంకో ముసలాయన. ఆ డాక్టరే ఉంటే అందరికన్నా గట్టిగా నవ్వేవాడని అందరికీ తెలుసు.

నవ్వు తగ్గాక నెడ్రా కళ్ళు తుడుచుకుని ఫోన్ అందుకుంది.

"ఇప్పుడెవరికే?" అన్నాడు హోబర్ట్.

"ప్లానుకి. తప్పు దిద్దమని."

"ఉండనీవే. ఎవరికి నష్టం?"

"సంగతి తెలియని ఎవరో, కొత్తగా ఊళ్ళోకొచ్చినావిడ, బిడ్డనెత్తుకుని గుట్టెక్కుతుంది బాబాయ్. ఆయనైతే ఊరుకునేవాడా?"

హోబర్ట్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, జేబులోంచి వేరుశనగలు తీసి నమలడం మొదలుపెట్టాడు. పియానో మోగింది. చాలాసేపు మోగింది. నెడ్రాయే అడిగింది, "నీ కుక్క ఎలుగుబంటిని చెట్టెక్కించిన కథ చెప్పు" అని. హోబర్ట్ మొదటి నుంచీ చెప్పాడు. కుక్క నిద్రపోయే దగ్గరికి వచ్చేసరికి అవతల ఎవరో పలికారు. ఈసారి ఒక కుర్రవాడి గొంతు.

"డాక్టర్ రాట్లిఫ్ గురించా అండీ? చెప్పండి. ఆయన కొత్త పేషెంట్లను తీసుకుంటున్నారా, లేదా?"

నెడ్రా ఒకసారి ఊపిరి పీల్చుకుంది. హోబర్ట్ నమలడం ఆపాడు.

"లేదు బాబూ," అంది. "మా డాక్టరుగారు చనిపోయారు."